బ్రిటన్‌లో ఇయర్ 12 అమ్మాయికి మెడిసిన్ అప్లికేషన్: నాలుగు ఛాయిస్‌లు ఎలా ఎంచుకోవాలి? ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) లేకపోతే ఫీజు సంగతేంటి?

రీడింగ్_తెనాలి · 2025 జూన్ 22

అందరికీ నమస్కారం. మాది తెనాలి, ఉండేది ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో. మా అమ్మాయి ఇయర్ 12, అంటే మన ఇంటర్ మొదటి ఏడు లాంటిది. బయాలజీ, కెమిస్ట్రీ, మ్యాథ్స్ తీసుకుంది. స్కూలువాళ్ళు ప్రెడిక్టెడ్ గ్రేడ్లు, అంటే చివర్లో రాసే ఏ లెవెల్స్‌లో ఎంత వస్తుందన్న అంచనా, ఏ స్టార్, ఏ, ఏ ఇస్తామంటున్నారు. మన పదో తరగతి లాంటి జీసీఎస్ఈలో ఎక్కువగా ఎనిమిదులు, తొమ్మిదులే వచ్చాయి.

మాకు తెలిసిందల్లా ఎంసెట్, నీట్. ర్యాంకు వస్తుంది, కౌన్సెలింగ్‌కి వెళ్తాం, సీటు ఉందో లేదో అక్కడే తేలిపోతుంది. ఇక్కడ ర్యాంకు లిస్టే లేదు. మా స్కూల్లో మెడిసిన్‌కి పెడుతున్నది ముగ్గురే, టీచర్లకి కూడా పూర్తిగా తెలిసినట్టు లేదు. మెడిసిన్ ఎంట్రన్స్ యూక్యాట్ ఎప్పుడు రాయించాలి? నాలుగు కాలేజీలు ఎలా ఎంచుకోవాలి?

ఇంకో బెంగ కూడా ఉంది. మావారు 2020 నవంబరులో వచ్చారు. కోవిడ్ వల్ల నేనూ పిల్లలూ 2021 జూలై 10న వచ్చాం. ఇంకా ఐఎల్ఆర్ రాలేదు. పాపకి హోమ్ ఫీజు, అంటే ఇక్కడివాళ్ళకుండే తక్కువ ఫీజు, వస్తుందా?

మత్తుడాక్టర్_లెస్టర్ · జూన్ 22

అమ్మా, నేను కాకినాడ రంగరాయలో చదివి విదేశీ డాక్టర్లకి పెట్టే ప్లాబ్ పరీక్ష రాసి వచ్చినవాణ్ణి. అనస్థీషియా చేస్తాను. మా పెద్దవాడు ఇక్కడే మెడిసిన్‌లో చేరాడు. వాడితో పాటు ఈ దారంతా నేనూ కొత్తగా నేర్చుకున్నాను. మనం డాక్టర్లమైనా ఈ విషయంలో మన అనుభవం ఎందుకూ పనికిరాదు.

ముందు తేదీలు. మెడిసిన్‌కి యూకాస్ (యూనివర్సిటీ అప్లికేషన్లన్నీ తీసుకునే సంస్థ) గడువు అక్టోబరు 15 సాయంత్రం ఆరు. మిగతా కోర్సులకి జనవరి దాకా ఉంటుంది, మెడిసిన్‌కి ఉండదు. ఐదు ఛాయిస్‌లలో మెడిసిన్‌కి నాలుగే పెట్టనిస్తారు, ఐదోది బయోమెడికల్ సైన్స్ లాంటిది పెట్టుకోవచ్చు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో ఏదో ఒకదానికే పెట్టాలి. యూక్యాట్ జూలై నుంచి సెప్టెంబరు చివరి దాకా రాయొచ్చు, కానీ ఆ ఏడాదికి ఒక్కసారే. ఆ స్కోరు మరుసటి ఏడాదికి పనికిరాదు.

అన్నిటికన్నా మంచి సంగతి: పరీక్ష రాసిన 24 గంటల్లోపే స్కోరు చేతికొస్తుంది. అంటే స్కోరు తెలిశాకే కాలేజీలు ఎంచుకోవచ్చు. ఎంసెట్ ర్యాంకు చూసుకుని ఆప్షన్లు పెట్టినట్టే అనుకోండి. ఇప్పటినుంచే నాలుగు పేర్లు రాసి గోడకి అంటించొద్దు.

మూడో_ఏడు · జూన్ 23

నమస్తే ఆంటీ. నేను మూడో ఏడు మెడిసిన్. యూక్యాట్ గురించి నాకు తెలిసింది చెప్తాను.

2025 నుంచి అబ్‌స్ట్రాక్ట్ రీజనింగ్ తీసేశారు. వెర్బల్ (చదివి అర్థం చేసుకోవడం), డెసిషన్ మేకింగ్, క్వాంటిటేటివ్ (లెక్కలు) ఒక్కోదానికి 300 నుంచి 900, మొత్తం 2700. సిట్యుయేషనల్ జడ్జ్‌మెంట్‌కి మార్కులు కాదు, 1 నుంచి 4 దాకా బ్యాండ్లు ఇస్తారు. బ్యాండ్ 4 వస్తే కొన్ని కాలేజీలు మిగతాదేదీ చూడకుండానే పక్కన పెట్టేస్తాయి. మనవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, అది పొరపాటు. రోగితో, తోటి విద్యార్థితో, సీనియర్‌తో చిక్కు వచ్చినప్పుడు ఏది సబబో అడుగుతారు. దాచిపెట్టడం, పక్కవాడి తప్పుని కప్పడం మన దగ్గర స్నేహం అనిపించుకోవచ్చు. ఇక్కడ రోగి భద్రతే ముందు.

వెర్బల్‌లో 44 ప్రశ్నలు, 22 నిమిషాలు. ప్రశ్నకి అరనిమిషం! తెలియనిదాని మీద కూర్చుంటే వెనక తెలిసినవన్నీ పోతాయి. ఏదో ఒకటి గుర్తుపెట్టి, ఫ్లాగ్ చేసి ముందుకెళ్ళిపోవాలి. నెగెటివ్ మార్కులు లేవు. తెలివికన్నా వదిలేయడం అలవాటవ్వాలి, నాకు అది అలవాటవ్వడానికే మూడు వారాలు పట్టింది. స్క్రీన్ మీది కాలిక్యులేటరు కూడా ముందే అలవాటు చేసుకోమనండి.

ఆగస్టు రెండో వారంలో బుక్ చేసుకోమనండి. జ్వరమొచ్చినా మార్చుకోవడానికి సమయం ఉంటుంది. అధికారిక వెబ్‌సైట్లో మాక్ టెస్టులు, ప్రశ్నలు ఉచితం. చివరి రెండు వారాలు అవే చేయాలి.

కరీంనగర్_బర్మింగ్‌హామ్ · జూన్ 23

చెల్లె, మా బిడ్డ సంగతి చెప్త. మీకు పనికొస్తది.

2022 ల అప్లై చేసింది. గ్రేడ్లు మంచిగున్నయ్, బడిల అందరికంటే ముందున్నది. నేనే కూసొని నాలుగు పేరున్న కాలేజీలు పెట్టించిన. అండ్ల రెండిటికి బీమ్యాట్ అనే ఇంకో ఎంట్రన్స్ ఉండె. అప్పట్ల బీమ్యాట్ స్కోరు యూకాస్ గడువు దాటినంక వచ్చుడు. అంటే స్కోరు తెల్వకుండనే పెట్టినం. మిగతా రెండిటికి దాని యూక్యాట్ సరిపోలె. నాలుగూ పోయినయ్. ఒక్క ఇంటర్వ్యూ గూడ రాలె. మార్చిల నాలుగోది వచ్చిన రోజు బిడ్డ అన్నం ముట్టలె. నేను ఆఫీసుకు పోయి కార్ల కూసొని ఏడ్సిన.

తప్పు బిడ్డది కాదు, నాది. ఊర్ల చెప్పుకునే పేరు చూసిన గని, ఏ కాలేజీ దేనికి మార్కులేస్తదో చూడలె. కొన్ని యూక్యాట్‌నే వరుసగ పేర్చి పైనుంచి పిలుస్తయ్. బర్మింగ్‌హామ్ లాంటివి జీసీఎస్ఈకి గూడ గట్టి బరువిస్తయ్. మా బిడ్డ బలం జీసీఎస్ఈ. అది చూసిపెడితే మొదటేడే అయిపోవు.

ఏడాది ఆగింది. దవాఖానల హెల్త్‌కేర్ అసిస్టెంటుగ చేరింది. ముసలోళ్ళకు తానం చేయించుడు, పక్క మార్చుడు, రాత్రి డ్యూటీలు. 2023 ల మల్ల పెట్టింది, రెండు ఆఫర్లొచ్చినయ్. ఇప్పుడు మొదటేడు అయిపోయింది. బీమ్యాట్ ఇప్పుడు లేదు, 2023 తోనే ఆగిపోయింది. ఇగ దాదాపు అందరికీ యూక్యాటే. ఆ తిప్పలు మీకు లేదు.

ఐటీ_పాలకొల్లు · జూన్ 24

రీడింగ్ అక్కా, ఫీజు గురించి నేను రాస్తాను. మా వాడి కోసం ఆర్నెల్లు ఇదే తవ్వాను. నేను లాయర్ని కాదు. విదేశీ విద్యార్థులకి సలహాలిచ్చే యూకేసీఐఎస్ఏ వెబ్‌సైట్ చదవండి, కాలేజీ ఫీజుల ఆఫీసుకి మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి.

ఇంగ్లండ్‌లో మీ లాంటి కుటుంబానికి హోమ్ ఫీజు రావాలంటే రెండు కావాలి: అంతకుముందు మూడేళ్ళు ఇక్కడే నివాసం, మొదటి విద్యా సంవత్సరం మొదటి రోజుకి, అంటే సెప్టెంబరు 1కి, సెటిల్డ్ అయి (ఐఎల్ఆర్ లాంటిది చేతికొచ్చి) ఉండటం. మొదటిది మీకు ఉంది. చిక్కంతా రెండోదే. ఏడేళ్ళు ఇక్కడ ఉన్న పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకి వేరే దారి ఉంది గానీ, మీరొచ్చి నాలుగేళ్ళేగా, అది వర్తించదు.

ఐఎల్ఆర్‌కి ఇక్కడ ఐదేళ్ళు ఉండాలి. మీవారికి ఈ నవంబరుకి ఐదేళ్ళు. పాపకి ఐఎల్ఆర్ రావాలంటే మామూలుగా తల్లీ తండ్రీ ఇద్దరికీ ఉండాలి, లేదా కలిపి రావాలి. మీకు ఐదేళ్ళు నిండేది 2026 జూలై 10. అంతకు 28 రోజుల ముందు, అంటే జూన్ 12 నుంచి పెట్టుకోవచ్చు. కోర్సు సెప్టెంబరులో. మధ్యలో ఉన్నది రెండున్నర నెలలే. మామూలు దరఖాస్తుకి ఆరు నెలల దాకా పట్టొచ్చు, కాబట్టి డబ్బు కడితే త్వరగా తేల్చే ప్రయారిటీ సర్వీసు తీసుకోండి. 500 పౌండ్లు ఎక్కువైనా సరే.

రీడింగ్_తెనాలి · జూన్ 24

తమ్ముడూ, చేతులు వణికాయి ఇది చదివి. మా వీసా 2027 దాకా ఉంది. ఐఎల్ఆర్ ఫీజు ఈ 2025లో మనిషికి 3,029 పౌండ్లు కదా, నలుగురికీ కలిపి 12 వేలు దాటుతుంది, కాస్త కూడబెట్టుకుని 2027లో పెడదాం అన్నారు మావారు. నేనూ సరేనన్నాను.

ఐటీ_పాలకొల్లు · జూన్ 24

వద్దక్కా. లెక్క వేసి బావగారికి చూపించండి. హోమ్ ఫీజు 2025-26లో ఏడాదికి 9,535 పౌండ్లు. ఆ లెక్కన ఐదేళ్ళకి 47,675. దానికి స్టూడెంట్ లోన్ వస్తుంది, ఐదో ఏడు ఫీజు ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) బర్సరీ కడుతుంది. ఓవర్సీస్ (విదేశీ విద్యార్థి) అయితే ఏడాదికి 40 వేల పైనే, కొన్నిచోట్ల 60 వేలు దాటింది. లోన్ ఉండదు. చేరాక ఐఎల్ఆర్ వచ్చింది కదా, ఇప్పుడు మార్చండి అంటే మార్చరు. మొదటి రోజే లెక్క.

ఇంకొకటి. ఓవర్సీస్‌గా పెడితే ఇంగ్లండ్ మెడికల్ స్కూళ్ళలో ఆ సీట్లు ఏడున్నర శాతం లోపే. అంటే డబ్బున్నా పోటీ వేరు.

పాపకి ఐఎల్ఆర్ దరఖాస్తు నాటికి పద్దెనిమిది నిండితే, బ్రిటన్ గురించి అడిగే లైఫ్ ఇన్ ది యూకే పరీక్ష తనూ రాయాలి. 24 ప్రశ్నలు, 75 శాతం రావాలి. ఇంగ్లీషుకి ఏది సరిపోతుందో గవర్నమెంటు వెబ్‌సైట్‌లో చూసుకోండి. 2025 మే నెలలో వచ్చిన వైట్ పేపర్‌లో (ప్రభుత్వ విధాన పత్రం) ఐఎల్ఆర్‌కి ఉన్న ఐదేళ్ళని పదేళ్ళు చేస్తామన్న ప్రతిపాదన ఉంది, కాబట్టి గవర్నమెంటు వెబ్‌సైట్ నెలనెలా చూస్తూ ఉండండి.

బెజవాడ_నాన్న · జూలై 2

నేను విజయవాడ నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ. నీట్‌లో గవర్నమెంటు సీటు రాకపోతే బ్రిటన్ పంపుదామని ఆలోచన. పొలం ఉంది. సలహా ఇవ్వగలరు.

మత్తుడాక్టర్_లెస్టర్ · జూలై 2

అయ్యా, పొలం అన్నారు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను.

ఐదేళ్ళ ఫీజు, ఖర్చులు కలిపితే మూడు కోట్లు దాటుతుంది. చాలా యూనివర్సిటీలు సీబీఎస్ఈ, ఐఎస్సీ మార్కుల ప్రకారం అర్హత రాస్తాయి. కొన్ని మన పన్నెండో తరగతిని నేరుగా ఒప్పుకోవు, ఏ లెవెల్స్ గానీ ఫౌండేషన్ గానీ అడుగుతాయి. స్టేట్ బోర్డు ఇంటర్‌కి ఒక్కొక్కరికీ విడిగా మెయిల్ పెట్టి అడగాలి. పైన చెప్పిన ఏడున్నర శాతంలో ప్రపంచమంతా పోటీ.

తిరిగి వచ్చి మన దగ్గర ప్రాక్టీసు చేయాలనుకుంటే నీట్ క్వాలిఫై అయ్యే వెళ్ళాలి. దాన్ని తప్పించుకోలేం. 2021 ఎన్ఎంసీ (మన నేషనల్ మెడికల్ కమిషన్) నిబంధనల్లో అదే విదేశీ సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలని రాశారు. ఇక్కడ డిగ్రీ అయ్యాక మొదటి ఏడు, ఎఫ్1 అంటాం, దేశమంతటికీ కలిపి విడిగా కేటాయిస్తారు. చదివిన కాలేజీ ఇచ్చేది కాదు. ఆ నిబంధన ఇక్కడి పద్ధతికి సూటిగా అతకదు. ఎన్ఎంసీ దగ్గర రాతపూర్వకంగా తేల్చుకోకుండా ఒక్క రూపాయి కట్టకండి.

నా మాట అడిగితే, అబ్బాయిని అక్కడే ఎంబీబీఎస్ చదవనివ్వండి, లాంగ్ టర్మ్ తీసుకున్నా సరే. తరవాత రావాలనిపిస్తే ప్లాబ్ ఉంది. ఇప్పుడు ప్లాబ్ రాసినవాళ్ళకి ఉద్యోగాలు దొరకడం చాలా కష్టంగా ఉంది, అదీ దాచను. పొలం మాత్రం అమ్మకండి.

బెజవాడ_నాన్న · జూలై 3

మీరు ఇంత సమయం తీసుకుని రాసినందుకు నమస్కారాలు డాక్టరుగారూ. మా ఇంట్లో చదివి వినిపించాను.

నెల్లూరు_హారో · ఆగస్టు 4

ఒక కన్సల్టెంట్ మా దగ్గర 2,500 పౌండ్లు అడిగాడు. పర్సనల్ స్టేట్‌మెంట్ తనే రాసిస్తాడట, ఇంటర్వ్యూ గ్యారంటీ అట. కట్టొచ్చా?

మూడో_ఏడు · ఆగస్టు 4

కట్టొద్దు అంకుల్. గ్యారంటీ ఇవ్వగలిగినవాళ్ళు ఈ దేశంలో ఎవరూ లేరు. యూకాస్ ప్రతి స్టేట్‌మెంట్‌నీ పాతవాటితో పోల్చి చూస్తుంది, పోలిక దొరికితే కాలేజీలకి చెప్తుంది. పైగా మీరు రాయని వాక్యం గురించి ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్తారు?

రీడింగ్_తెనాలి · ఆగస్టు 19

యూక్యాట్ అయింది. 2040, బ్యాండ్ 2. ఇది మంచిదా కాదా?

మత్తుడాక్టర్_లెస్టర్ · ఆగస్టు 19

సగటు కన్నా పైనే ఉంది. యూక్యాట్ ఒక్కటే చూసి పేర్చేచోట ధైర్యంగా పెట్టగలిగేంత కాదు. జీసీఎస్ఈకి బరువిచ్చేవి రెండు, గత ఏళ్ళలో మధ్యస్థం స్కోర్లకి పిలిచినవి రెండు వెతకండి. పాత స్కోర్లు 3600కి ఉండేవి, నేరుగా పోల్చకండి, డెసైల్ పట్టికలు (రాసినవాళ్ళని పది వంతులుగా పేర్చి చూపేవి) చూడండి. స్టేట్‌మెంట్ మొదలుపెట్టిందా?

రీడింగ్_తెనాలి · ఆగస్టు 20

మొదలుపెట్టింది. ఈసారి మూడు ప్రశ్నలు విడివిడిగా ఇచ్చారు: ఈ కోర్సు ఎందుకు, చదువు ఎలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశావు. మొత్తం 4,000 అక్షరాలు, ఒక్కోదానికి కనీసం 350. మొదటి వాక్యం 'చిన్నప్పటినుంచీ డాక్టరు కావాలని కల' అని రాసింది.

మత్తుడాక్టర్_లెస్టర్ · ఆగస్టు 20

ఆ వాక్యం తీసేయమనండి. అది అబద్ధమని కాదు, వేలమంది అదే రాస్తారు. కళ్ళారా ఏం చూసింది? చూశాక ఏం ఆలోచించింది? అది కావాలి. ఎక్కడైనా పనిచేసిందా?

రీడింగ్_తెనాలి · ఆగస్టు 21

ఏడాదిగా ప్రతి శనివారం ఒక కేర్ హోమ్‌కి వెళ్తోంది. టీ ఇవ్వడం, కబుర్లు చెప్పడం. అక్కడ మన గుంటూరు వైపు పెద్దావిడ ఒకరున్నారు. 1970లలో ఇక్కడికి వచ్చారట. డిమెన్షియాతో ఇంగ్లీషు మొత్తం పోయి తెలుగే మిగిలింది. సిబ్బందికి అర్థంకాక, సాయంత్రమయ్యేసరికి ఆవిడ గొడవ చేస్తారని రాసుకున్నారు. మా పాపకి తెలుగు అంతంతమాత్రమే గానీ, ఆవిడ 'దీపం పెట్టలేదు, దీపం పెట్టలేదు' అంటున్నారని దానికి అర్థమైంది. నర్సుకి చెప్పింది. నిప్పు పెట్టనివ్వరు కదా, బ్యాటరీ దీపం తెచ్చి ఆరింటికి పక్కన పెడుతున్నారు. ఇప్పుడు ఆవిడ అరవడం తగ్గిందట. పాప ఇదంతా నాకు నిన్ననే చెప్పింది. ఇది రాయడానికి పనికొస్తుందని దానికి తోచలేదు.

మత్తుడాక్టర్_లెస్టర్ · ఆగస్టు 21

అమ్మా, ఇదే రాయాలి. గొడవ అని రాసుకున్నది నిజానికి ఒక అవసరం అని గుర్తుపట్టింది, తనంతట తాను ఏమీ చేసేయకుండా నర్సుకి చెప్పింది. మెడిసిన్‌లో సగం ఇదే. నాకు ఐసీయూలో ఇలాంటివి ఎన్నో గుర్తొచ్చాయి.

ఒక్క జాగ్రత్త. ఆవిడ పేరు, ఊరు, కేర్ హోమ్ పేరు ఏవీ రాయకూడదు, ఇంటర్వ్యూలోనూ చెప్పకూడదు. 'భాష కోల్పోయిన ఒక పెద్దావిడ' చాలు. రోగి గుట్టు కాపాడటం తెలుసో లేదో అక్కడే చూసేస్తారు. మీరు ఇక్కడ రాసినదాంట్లో కూడా ఊరు తీసేస్తే మంచిది.

కరీంనగర్_బర్మింగ్‌హామ్ · ఆగస్టు 21

చదివి కండ్లల్ల నీళ్ళొచ్చినయ్ చెల్లె. బిడ్డను దీవించినట్టు చెప్పు.

దవాఖానల అవకాశం దొరకనోళ్ళకు గూడ చెప్త: ఆర్‌సీజీపీ (ఫ్యామిలీ డాక్టర్ల కాలేజీ) వాళ్ళ అబ్జర్వ్ జీపీ, బ్రైటన్ అండ్ సస్సెక్స్ మెడికల్ స్కూల్ వాళ్ళ వర్చువల్ వర్క్ ఎక్స్‌పీరియన్స్ ఉచితం. ఇంట్ల కూసొని చేసుకోవచ్చు. కాకపోతే చూసినంక ఏమనిపించిందో రాసిపెట్టుకోవాలె.

రీడింగ్_తెనాలి · అక్టోబరు 13

రెండు రోజుల ముందే సబ్మిట్ చేశాం. నాలుగూ మా అమ్మాయే ఎంచుకుంది. స్కూలు రిఫరెన్స్ ఆలస్యమై నాకు నిద్రలేదు. ఐదో ఛాయిస్ ఖాళీ వదిలేసింది, మెడిసిన్ కాకపోతే వచ్చే ఏడు మళ్ళీ రాస్తానంది.

కింద రాసేది తనే.

నమస్తే అందరికీ. నేను తెలుగు రాయలేను, చెప్తుంటే అమ్మ టైప్ చేస్తోంది. డాక్టర్ అంకుల్, మీరు ఆగస్టులో అమ్మతో ఫోన్లో, పాపకి ఇది నిజంగా కావాలా అని అడిగారట. అమ్మ నన్ను అడిగింది. అంతకుముందు ఎవరూ అడగలేదు. కావాలి అంకుల్. నేను రెండు రోజులు ఆలోచించి చెప్పాను.

మత్తుడాక్టర్_లెస్టర్ · అక్టోబరు 13

చాలా సంతోషం తల్లీ. ఇక ఏ లెవెల్స్ చదువుకో.

రీడింగ్_తెనాలి · డిసెంబరు 9

రెండు ఇంటర్వ్యూలు వచ్చాయి, ఒకటి పోయింది, ఒకటి ఇంకా చెప్పలేదు. రెండూ ఎమ్ఎమ్ఐ అట. మన దగ్గర ఇలాంటిదేదీ లేదు, ఎలా తయారవ్వాలి?

మూడో_ఏడు · డిసెంబరు 9

ఆంటీ, ఎమ్ఎమ్ఐ అంటే ఒక గదిలో ప్యానెల్ ముందు కూర్చోవడం కాదు. ఆరో ఎనిమిదో స్టేషన్లు, ఒక్కోదానికి కొద్ది నిమిషాలు. గంట మోగగానే పక్క స్టేషన్‌కి. ఒకటి పాడైనా పక్క స్టేషన్‌లో మార్కులేసేవాళ్ళకి తెలియదు, కొత్తగా మొదలవుతుంది. అది మరిచిపోకూడదు. నేను రెండోదాంట్లో తడబడి మూడోది దాని గురించే ఆలోచిస్తూ పోగొట్టుకున్నాను.

రోల్ ప్లేలో నటుడుంటాడు. పక్కింటివాళ్ళ పిల్లిని కారుతో గుద్దావు, వెళ్ళి చెప్పు అంటారు. మనవాళ్ళు గబగబా పరిష్కారం చెప్పేస్తారు, ఇంకో పిల్లిని కొనిస్తాను అని. చెప్పాల్సింది చెప్పి ఆగాలి. ఎదుటివాళ్ళని మాట్లాడనివ్వాలి. ఇంట్లో మీరే ఆ పక్కింటావిడ అయి కూర్చోండి, రోజూ పది నిమిషాలు.

నైతికతకి నాలుగు మాటలు: రోగి నిర్ణయం, మేలు, కీడు చేయకపోవడం, న్యాయం. ఏ ప్రశ్నకైనా ఇవతలా అవతలా రెండు పక్కలా చూసి చివరికి తన అభిప్రాయం చెప్పాలి. డాక్టర్లని రిజిస్టర్ చేసే జీఎంసీ వాళ్ళ గుడ్ మెడికల్ ప్రాక్టీస్ 2024లో కొత్తది వచ్చింది, అది ఒకసారి చదవమనండి.

మత్తుడాక్టర్_లెస్టర్ · డిసెంబరు 10

డాక్టరు పనిలో చెడు ఏమిటని కూడా అడుగుతారు. వెయిటింగ్ లిస్టులు, రాత్రి డ్యూటీలు, ఉద్యోగాల పోటీ, ఎఫ్1లో ఏ ఊరు వస్తుందో తెలియకపోవడం. అన్నీ బంగారం అని చెప్తే నమ్మరు. తెలిసి కూడా వస్తున్నానని చెప్పాలి.

రీడింగ్_తెనాలి · 2026 మార్చి 17

రెండు ఇంటర్వ్యూలకి రెండూ ఆఫర్లయ్యాయి. ఏ, ఏ, ఏ రావాలి. నాలుగోది ఇంటర్వ్యూ లేకుండానే కాదంది. పాప ఇంకా నమ్మలేకపోతోంది, మెయిల్ మళ్ళీ మళ్ళీ తెరిచి చూస్తోంది.

దాని పద్దెనిమిదో పుట్టినరోజు ఫిబ్రవరిలో అయింది. లైఫ్ ఇన్ ది యూకే ఈస్టర్ సెలవుల్లో రాస్తుంది. ఫీజుల ఆఫీసుకి మెయిల్ పెట్టాం, సెప్టెంబరు 1లోపు వచ్చిన ఐఎల్ఆర్ చూపిస్తే హోమ్‌గా మారుస్తామని రాతపూర్వకంగా చెప్పారు. మావారు డబ్బు సర్దారు. మధ్యలో నిబంధన మారుతుందేమోనని భయం మాత్రం పోలేదు. జూన్ 12న అప్లికేషన్ పెట్టేస్తాం. ఆ రోజుకి ఏ లెవెల్ పేపర్లు ఇంకా నడుస్తుంటాయి, ఆన్‌లైన్ ఫారం నేనే నింపుతాను, బయోమెట్రిక్ (వేలిముద్రలు, ఫోటో) మాత్రం తన ఏ లెవెల్ పరీక్షలయ్యాకే ఇస్తాం.

శనివారం కేర్ హోమ్‌కి వెళ్ళింది. పెద్దావిడకి చెప్పిందట, నేను డాక్టరు చదవబోతున్నాను అమ్మమ్మా అని. 'అన్నం తిన్నావా' అని అడిగారట ఆవిడ.

ఐటీ_పాలకొల్లు · మార్చి 17

అక్కా, జూన్ 12కి నేనూ గుర్తుపెట్టుకున్నాను. ఫారం నింపేటప్పుడు ఎక్కడైనా ఆగితే ఫోన్ చేయండి, రాత్రయినా పర్లేదు.